పేలుడు చీటీ కింద ఒక్క వాక్యం

జూన్ 3

చిట్టెలుకకు,

గుట్ట కింది నుంచి మామయ్య రాస్తున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. చెవులు కూడా ఇంకా పనిచేస్తున్నాయి. మీ అమ్మ అడిగితే ఈ రెండు ముక్కలూ చెప్పు, మూడో ముక్క మాత్రం చెప్పకు. అదేమిటో కింద రాస్తాను.

ఫోను ఎందుకు తియ్యవని పోయిన ఉత్తరంలో మళ్ళీ దెప్పావు. ముప్పై ఏళ్ళుగా క్వారీలో రాళ్ళు పేల్చేవాణ్ణి. పేలుడు తీగల దగ్గరికి ఫోను తీసుకెళ్ళకూడదని గేటు దగ్గర పెట్టెలో పడేసి లోపలికి పోతాం. సాయంత్రం తీసుకోవడం మరిచిపోతాను. నిజం చెప్పాలంటే మరపు కాదు. అది ఎప్పుడు మోగుతుందో తెలియదు, మోగితే నాకు గుండె నోట్లోకి వస్తుంది. ఉత్తరమైతే పోస్టుమాన్ పదకొండింటికి తెస్తాడు. ఏం తెస్తాడో తెలియకపోయినా ఎప్పుడు తెస్తాడో తెలుసు.

ఇక మూడో ముక్క. మా కాటా గదిలో ఒకావిడ ఉంది. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, రాయి నింపుకుని పోయేటప్పుడు ఒకసారి తూచి బరువు చీటీ ఇస్తుంది. డ్రైవర్లంతా కాటా మేడం అంటారు. రోజూ పేలుడుకు ముందు నేను ఆవిడకు పేలుడు చీటీ పంపాలి: 'ఈ రోజు పేలుడు ఒంటి గంటా పదిహేనుకు. పది నిమిషాల ముందు లారీలు ఆపగలరు.' ఆవిడ నకలు మీద సంతకం చేసి తిప్పి పంపుతుంది. ఆరేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఇదే ఉత్తర ప్రత్యుత్తరం. అందులోనే ఎలా పుట్టిందో నాకు తెలియదు గానీ, ఆవిణ్ణి పెళ్ళి చేసుకుంటారా అని అడగాలనుంది.

అడగలేకపోతున్నాను. కాటా గది మెట్టు దగ్గరికి వెళ్ళి, గాలి ఎటు వీస్తోందని అడిగి వచ్చేశాను. అలా నాలుగు సార్లు. గాలి గురించి నాకే బాగా తెలుసని ఆవిడకూ తెలుసు.

నువ్వు పనిచేసే చోట భయం గురించే పరిశోధన చేస్తారు కదా. యాభై రెండేళ్ళు వచ్చి, పేలుడు మందు మధ్య బతికేవాడికి ఒక్క మాట అడగడానికి కాళ్ళెందుకు వణుకుతాయో మీ పెద్దాయన్ని అడిగి రాయి. నా పేరు చెప్పకు.

గుట్టంత ప్రేమతో,
మామయ్య

జూన్ 7

మామయ్యకు,

నీ ఉత్తరం ల్యాబులో చదువుతూ పైకి నవ్వేశాను. మా పెద్దాయన కళ్ళజోడు మీదుగా చూశారు. 'మా మామయ్యకు గాలి ఎటు వీస్తోందో తెలియడం లేదట సార్' అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, 'పడమటి గాలి' అన్నారు. అలాంటి మనిషి.

ఇక్కడ మేం చేసే పని ఇది. ఒక మనిషిని పెద్ద గొట్టం లాంటి స్కానర్లో పడుకోబెడతాం. మణికట్టుకు చిన్న పట్టీ కడతాం. ఎదురుగా తెర మీద అంకెలు వస్తాయి. ఒకసారి పద్దెనిమిది, పదిహేడు, పదహారు అని వరసగా దిగుతాయి. సున్నా రాగానే మణికట్టు మీద చురుక్కుమంటుంది, చెవిలో ఒక పాడు కూత, కళ్ళ ముందు ఒక పాడు బొమ్మ. ఇంకోసారి అంకెలు అడ్డదిడ్డంగా వస్తాయి. చురుకు తప్పదని తెలుసు, ఎప్పుడో తెలియదు. ఆ ఎదురుచూపులో మెదడు ఎక్కడెక్కడ రాజుకుంటుందో మేం చూస్తాం. చురుకు మాకు ముఖ్యం కాదు, అది ఎలాగూ తేనెటీగ కుట్టినంత కూడా ఉండదు. దాని ముందున్న నిమిషమే మా సరుకు.

వేళ తెలిసినది భయమనీ, వేళ తెలియక లోపల గీరుతూ ఉండేది ఆందోళన అనీ, రెండింటికీ మెదడులో వేరు వేరు గదులున్నాయనీ చాలాకాలం అనుకున్నారు. మా పెద్దాయన కూడా గోడ మీద రెండు గదులున్న పటం పెట్టుకున్నారు. లెక్కలు తేలాక ఆ పటం గతి ఏమవుతుందో చూడాలి.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: అంకెలు వరసగా దిగుతుంటే భయమున్నా ఊపిరి ఆడుతుంది, అడ్డదిడ్డంగా వస్తేనే ప్రాణం విలవిల్లాడుతుంది. కాబట్టి మామయ్యా, నా సలహా విను. ఒక తేదీ పెట్టుకో. పదిరోజుల్లో చెప్పేస్తానని లెక్క మొదలుపెట్టు. రోజుకొకటి తగ్గించుకుంటూ వస్తే మనసు దానంతటదే సిద్ధపడుతుంది.

అమ్మకు చెప్పను. నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అంటావు, ఈసారి నానబెట్టి చూపిస్తాను.

నీ
చిట్టెలుక

జూన్ 12, శనివారం

చిట్టెలుకకు,

నీకు చదువు చెప్పించడానికి మీ నాన్న పడ్డ కష్టం ఇవాళ్టికి తీరింది. నీ ఉత్తరం నిన్న పదకొండింటికి అందింది, పన్నెండింటికల్లా అమల్లో పెట్టాను.

నిన్నటి పేలుడు చీటీలో సమయం రాసి, లారీలు ఆపగలరని రాసి, కింద ఇంకొక వాక్యం చేర్చాను: 'మీకు తెలియజేయవలసిన ఒక విషయం కలదు. ఇంకా పది రోజులు.' కింద నా సంతకం, ముద్ర.

ముద్ర వెయ్యకుండా చీటీ పంపడం నాకు చేతకాదు.

ఇవాళ 'ఇంకా తొమ్మిది రోజులు' అని రాశాను. రేపు సెలవు కాబట్టి పక్కనే 'రేపు పేలుడు లేకపోయినా లెక్క ఆగదు' అని కూడా రాశాను. ఆవిడ కంగారు పడకూడదు కదా. వేళ తెలిస్తే ఊపిరి ఆడుతుందని నువ్వే రాశావు. నాకు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయాను.

ఆవిడ నకలు మీద సంతకం చేసి పంపింది. ఎప్పుడూ గుండ్రంగా ఉండే సంతకం ఈసారి కాస్త పక్కకు ఒరిగింది. సిగ్గు అయ్యుంటుంది. మధ్యాహ్నం నేను అటుగా పోతుంటే కిటికీ మూసేసింది. అది కూడా మంచి గుర్తే అని, పేలుళ్ళ వేళ హెచ్చరిక మోగించే మా సైరన్ తాత అన్నాడు. విషయమేమిటో ఆయనకు చెప్పలేదు. ఒకావిడ కిటికీ మూసిందంటే అర్థమేమిటని మాత్రం అడిగాను. ఎండ పడి ఉంటుంది, అది మంచిదే అన్నాడు.

లెక్క సరిగ్గా సాగుతోంది, దిగులు పడకు.

మామయ్య

జూన్ 15

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

లెక్క పెట్టుకొమ్మన్నది నిన్ను. ఆవిడ చేత పెట్టించమనలేదు. మా స్కానర్లో పడుకునేవాడికి వచ్చేది తేనెటీగ కాటంత కూడా కాదని ముందే తెలుసు, సంతకం పెట్టే లోపలికి వస్తాడు. నువ్వు ఆవిడకు ఎప్పుడో చెప్పావు, ఏమిటో చెప్పలేదు. పైగా ముద్ర వేశావు. పేలుడు కబురు వచ్చే చీటీ మీద, ముద్రతో, 'ఇంకా పది రోజులు' అని ఎవరైనా నాకు పంపితే నేను ఆ రోజే పెట్టె సర్దుకునేదాన్ని. ఆవిడ కిటికీ మూసింది సిగ్గుతోనూ కాదు, ఎండకూ కాదు.

ఈ ఉత్తరం అందిన గంటలో వెళ్ళి అడిగెయ్యి. పేలుడు వాయిదా వేసుకుని అయినా సరే.

జూన్ 16. నిన్న ఉత్తరం మడిచి కూడా పోస్టు చెయ్యలేకపోయాను. ఇది చేరేసరికి మూడు రోజులు పడుతుంది. అందుకని ఇవాళ పొద్దున మీ క్వారీ ఆఫీసు నెంబరు వెతికి ఫోను చేశాను. ఒకావిడ తీసింది. 'రాళ్ళు పేల్చే ఆయన మేనకోడల్నండీ. చీటీ మీద ఆ లెక్క ఆపేసి, అడగాల్సింది వెంటనే అడిగెయ్యమని మా మామయ్యకు చెప్పండి' అని గుక్క తిప్పుకోకుండా అనేశాను. ఆవిడ మెల్లిగా, 'అడగాల్సిందా? చెప్పాల్సిందని కదా రాశారు' అంది.

మామయ్యా, మీ ఆఫీసు ఫోను కాటా గదిలో ఉంటుందని నువ్వు ఏనాడూ రాయలేదు.

ఆవిడ ఇంకా ఏవేవో అడిగింది. ల్యాబు సంగతీ, అంకెల సంగతీ చెప్పాను. పెళ్ళి మాట మాత్రం ఎత్తలేదు, ఒట్టు. కానీ ఆవిడ పిచ్చిది కాదు. చివర్లో 'మీ మామయ్యగారికి ఏమీ చెప్పకండి, నేను చూసుకుంటాను' అంది. నేను చెప్పేస్తున్నాను.

తప్పు చేశానేమో. నన్ను తిట్టు, కానీ వెంటనే రాయి.

చిట్టెలుక

జూన్ 18

చిట్టెలుకకు,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, ఇక్కడేమో కొంప మునిగేట్టుంది.

నా చీటీలు కాటా గదిలో మేకుకు గుచ్చి ఉంటాయని నీకు తెలియదు. నాకు తెలుసు గానీ ఆలోచించలేదు. 'ఇంకా ఏడు రోజులు' అన్నది ఒక లారీ డ్రైవరు చదివాడు. సాయంత్రానికి గుట్ట మొత్తం ఒకేసారి పేల్చేస్తారని పుకారు. మర్నాటికి క్వారీ మూసేస్తారని ఇంకో పుకారు. 'ఇంకా ఐదు' దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు డ్రైవర్లు ఇరవై ఒకటో తారీఖుకు సెలవు పెట్టారు. మేనేజరు నన్ను పిలిచి, 'నాకు తెలియకుండా మీకు పైనుంచి ఏమన్నా కబురొచ్చిందా' అని లోగొంతుతో అడిగాడు. ఆయన కూడా రెండు రోజులుగా భోజనం సరిగ్గా చెయ్యలేదట.

అసలు దెబ్బ చివర చెప్పాడు. కాటా మేడం పదిహేనో తారీఖునే రాజీనామా ఇచ్చిందట. వాళ్ళ అన్నయ్య పనిచేసే సిమెంటు గోదాములో కాటా ఖాళీ ఉందట. 'ఉద్యోగంలోంచి తీసేస్తారని తెలిశాక పడి ఉండటం దేనికి' అందట. ఆవిణ్ణి తీసేసేది నేనా? చీటీలు రాసి రాసి నా చేతులతో నేనే పంపించేస్తున్నానా?

ఇంకో సంగతి. రెండు రోజులుగా ఆవిడ వాలకం మారిపోయింది. కిటికీ తెరిచే ఉంటోంది. నేను పోతుంటే నిండు లారీని చూసినట్టు తల నుంచి కాళ్ళ దాకా చూస్తోంది. నవ్వు ఆపుకుంటున్నట్టుంది. ఉద్యోగం మానేస్తున్నవాళ్ళకు మనసు తేలికపడుతుందంటారు, అదే కావచ్చు. నా పని అయిపోయింది.

లెక్క మధ్యలో ఆపుదామా అంటే, ముద్ర వేసి ఇచ్చిన మాట. ఆపితే ఇంకేం పుకారు లేస్తుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇవాళ 'ఇంకా మూడు' అని రాశాను. కంగారులో మూడు ఎనిమిదిలా పడింది. దిద్ది మళ్ళీ ముద్ర వేశాను.

మామయ్య

జూన్ 22

చిట్టెలుకకు,

నీ ఉత్తరం పందొమ్మిదిన అందింది. చదివి, నిన్ను తిట్టడానికి కాగితం తీసి, ఏమీ తోచక మళ్ళీ లోపల పెట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అప్పుడే వెళ్ళి అడగమన్నావు. వెళ్ళాను. కాటా గది మెట్టు దగ్గరికి చేరేసరికి ఆవిడే కిటికీలోంచి చూసి, 'ఇంకా రెండు రోజులుంది కదండీ' అని కిటికీ వేసుకుంది.

నిన్న పొద్దున చీటీలో 'ఈ రోజే' అని రాశాను. నకలు తిరిగి వచ్చింది. ఆరేళ్ళలో మొదటిసారి సంతకం పక్కన ఆవిడ రాత ఉంది: 'లారీలు ఆపబడును. మధ్యాహ్నం భోజనం వేళ వినబడును.'

వెళ్ళాను. చిన్న గది, ఒక బల్ల, ఒక ఫ్యాను, మేకుకు నా చీటీలు. నిలబడే అడిగేశాను. అడగడానికి నాలుగు మాటలు కూడా పట్టలేదు. ఆవిడ అన్నం డబ్బా మూత పెట్టి, 'ఈ చిన్న మాటకా నన్ను వారం రోజులు ముద్ద మింగనివ్వలేదు' అంది. తరవాత, 'జవాబు చెప్తాను. ఎప్పుడు చెప్తానో మాత్రం చెప్పను. అంకెలు అడ్డదిడ్డంగా వస్తే ఎలా ఉంటుందో మీరు కూడా చూడాలి' అంది. ఇవి ఎవరి దగ్గర నేర్చుకున్న మాటలో నీకు తెలుసు.

రాజీనామా వెనక్కి తీసుకున్నారా అని అడిగాను. అదీ ఆ జవాబుతోనే తెలుస్తుందంది.

ఇప్పుడు నీకొక సంగతి రాస్తాను, నవ్వకుండా చదువు. ఆవిడ కాదంటుందని నా భయమని నువ్వు అనుకుని ఉంటావు. అది సగమే నిజం. కాదంటే ఒక వారం తల దించుకుని తిరుగుతాను, అంతే. నిన్న ఆ గదిలోంచి బయటికి వచ్చాక తెలిసింది, అవునంటుందేమోనన్నదే నా అసలు భయం. ఎనిమిదేళ్ళ కిందట మీ అత్తయ్య పోయిన కబురు నాకు ఫోనులో వచ్చింది. మధ్యాహ్నం, ఇంట్లో, నేను కాళ్ళు కడుక్కుంటుండగా. నా బతుకులో ప్రతి పేలుడుకీ ముందు మూడుసార్లు సైరన్ మోగుతుంది. దానికి మోగలేదు. మళ్ళీ ఒక మనిషి నా మనిషి అయితే, మళ్ళీ రోజూ ఆ ఫోను కోసం చెవి వేసుకుని బతకాలి. అది నా వల్ల అవుతుందా అన్నదే నాకు తేలడం లేదు.

ఇదంతా పెద్దాయనకు చెప్పకు. చెప్పినా నా పేరు చెప్పకు.

మామయ్య

జూన్ 26

మామయ్యకు,

నవ్వలేదు. ఏడ్చాను కొంచెం, తరవాత టీ తాగాను.

అత్తయ్య పోయినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. నువ్వు ఏడవలేదని అందరూ నిన్ను గట్టి మనిషి అన్నారు. ఫోను తియ్యకపోతే పొగరనుకున్నాను. ఇన్నాళ్ళు ఎదురుచూపు గురించి చదువుతూ, నీ ఎదురుచూపు నాకు కనబడనే లేదు. మన్నించు.

ఇక్కడి కబురు. మా లెక్కలు తేలాయి. వేళ తెలిసిన భయానికైనా, వేళ తెలియని ఆందోళనకైనా, మా స్కానర్లో మెదడులో రాజుకున్న చోట్లు దాదాపు ఒకటే. అంకెలు వరసగా దిగుతుంటే చివరికి వచ్చేకొద్దీ మంట పెరుగుతుంది. అడ్డదిడ్డంగా వస్తే మొదటి నుంచీ కుంపటిలా మండుతూనే ఉంటుంది. తేడా అంతే. పొయ్యి ఒక్కటే. ఈ మాట పెద్దాయనకు ఎలా చెప్పాలా అని నాలుగు రోజులు గోళ్ళు కొరికాను. చెప్తే ఆయన గోడ మీది పటం తీసి వెనక్కి తిప్పి చూసి, 'ఈ వైపు ఖాళీగా ఉంది, కొత్తది వేసుకోవచ్చు' అన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా భయం.

నేను కూడా ఒకసారి స్కానర్లో పడుకున్నాను, నీ సంగతి అర్థం చేసుకుందామని. అడ్డదిడ్డం అంకెలప్పుడు కళ్ళు మూసుకున్నాను, మూసుకోకూడదని నేనే అందరికీ చెప్పే మనిషిని. కాబట్టి నీ వల్ల అవుతుందా అని నన్ను అడగకు. నీ భయానికి మందు మా దగ్గర లేదు. గుట్ట మీద నీకున్న భయమూ, ఫోను దగ్గర నీకున్న భయమూ వేరు వేరు పొయ్యిలవి కావని మాత్రం చెప్పగలను. ఒకదాన్ని ముప్పై ఏళ్ళుగా మోస్తున్నావు.

ఆవిడ జవాబు రాగానే, ఏదైనా సరే, రాయి. అమ్మ అనుమానంగా చూస్తోంది. నువ్వుగింజ నానిపోయేలా ఉంది.

చిట్టెలుక

జూలై 1

చిట్టెలుకకు,

తొమ్మిది రోజులు. ఆవిడ సరిగ్గా తొమ్మిది రోజులు నన్ను వేయించింది. కాటా గది నుంచి ఏ కాగితం వచ్చినా వెనక వైపు కూడా తిప్పి చూసేవాణ్ణి. ఒకరోజు నకలు మీద 'అవును' అని కనబడి కాటా గది వైపు పరుగెత్తబోయాను. తీరా చూస్తే, వర్షమొస్తే పేలుడు వాయిదా పడుతుందా అని మేనేజరు అడిగినదానికి ఆవిడ నా తరఫున రాసిన జవాబు. ఇంకొకరోజు తీగలు కలిపినవి మూడుసార్లు సరిచూశాను. సైరన్ తాత, 'అబ్బాయ్, పెళ్ళివారు వస్తున్నారా' అన్నాడు. ఆయనకు విషయం తెలియదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

నిన్న పేలుడు అయ్యాక ఎప్పటిలాగే అరగంట ఆగి, ఒక్కణ్ణే పైకి వెళ్ళి, పేలకుండా మిగిలిన మందు ఏమైనా ఉందేమోనని కన్నం కన్నం చూసుకున్నాను. ఈల వేశాను, కింద తాత క్షేమం సైరన్ మోగించాడు. దిగి వచ్చేసరికి కాటా గది ముందు నాలుగు లారీలు నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. ఆవిడ కిటికీలోంచి నన్ను చూసి, అప్పుడు మొదటి లారీని కాటా మీదికి రమ్మంది. బరువు రాసుకుంటూ, తల ఎత్తకుండా, 'సరేనండీ, చేసుకుందాం' అంది. డ్రైవరు 'ఎంత మేడం' అన్నాడు. ఆవిడ బరువు చెప్పింది.

లారీలన్నీ పోయాక లోపలికి వెళ్ళాను. నీకు రాసినదంతా ఆవిడకు చెప్పాను: మీ అత్తయ్య సంగతి, ఆ మధ్యాహ్నం, నాకున్న భయం. అంతా విని ఇప్పుడైనా వద్దనవచ్చని కూడా చెప్పాను. ఆవిడ బరువు చీటీల పుస్తకం మూసింది.

'భయపడటం నాకు కొత్త కాదండీ' అంది. 'నాలుగేళ్ళుగా రోజూ భయపడుతున్నాను. పేలుడు అయ్యాక మీరొక్కరే పైకి వెళ్తారు కదా. క్షేమం సైరన్ మోగినా సరే, మలుపు దగ్గర మీ పసుపు టోపీ కనబడేదాకా నేను ఒక్క లారీని కూడా తూచను. కాటా ఇంకా సున్నాకు రాలేదని డ్రైవర్లకు అబద్ధం చెప్తాను. వాళ్ళు తిట్టుకుంటారు.'

ఆవిడ బల్ల మీద కాగితాలు సర్దుతూ, 'ఊరికే భయపడే బదులు హక్కుతో భయపడతాను, అంతేగా' అంది.

రాజీనామా కాగితం చింపి బుట్టలో వేసింది. మేనేజరు ఈ పూట రెండుసార్లు వడ్డించుకున్నాడట. మీ అమ్మకు నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

చిట్టెలుకా, ముప్పై ఏళ్ళు ఆ గుట్ట ఎక్కి దిగాను. దిగేటప్పుడు కింద ఎవరైనా చూస్తుంటారని ఎన్నడూ అనుకోలేదు. మలుపు తిరగక ముందే నీడలో కూర్చుని ఒక పావుగంట కాళ్ళు చాపుకోవడం నాకు అలవాటు.

ఇవాళ కూర్చోలేదు.

మీ మామయ్య